అన్న ఒకటి, అన్న రెండు, అన్న మూడు

ముందుగాలే చెప్తాన, నాకు ఆ మిషన్ మీద కోపం లేదు. ఇరవై ఏండ్లకు పైన అయింది నేను వరంగల్ల నర్సు పనికి వచ్చి. మొదట్ల స్కాన్ అంటే కింద చీకటి గది, బయట బెంచీ, చేతిల చీటీ. పేషెంటును స్ట్రెచర్ మీద ఏసుకొని లిఫ్టు కాడ నిలబడి నిలబడి కాళ్లు గుంజేటివి. ఇప్పుడు మిషనే మంచం కాడికి వస్తాంది. ముందు చక్రాల బండి మీద వచ్చింది, తర్వాత టిఫిన్ డబ్బా అంత అయింది, ఇప్పుడైతే డాక్టర్లు జేబుల పెట్టుకొచ్చి ఫోనుకు తగిలిచ్చి చూస్తాండ్రు. ఒకసారి మడికొండ రోడ్డు మీద బండి గుద్దిన మనిషిని తెచ్చిండ్రు. మాటలు మంచిగనే చెప్తాండు, ఇంటికి పోతనని లేస్తాండు. కడుపు మీద జెల్లు పూసి మిషన్ పెట్టంగనే లోపల నెత్తురు కనపడ్డది. చాయ తాగేంత సేపు కూడ పట్టలే. ఆయన బతికిండు, పెండ్లాం పిల్లలతోని వచ్చి మాకు మిఠాయి పంచిండు. అసొంటి మిషన్‌ను నేనెందుకు తిడత?

నేను తిట్టేది మనిషిని. మా వార్డుల పీజీ చదివే పిల్లగాడు ఆయన. డోర్నకల్ కెళ్లి వచ్చిండు, తండ్రి రైల్వేల చేసేటోడు. నెమ్మదస్తుడు. మిగతా పీజీలు "సిస్టర్, సిస్టర్" అని వార్డంత ఒర్రుతాంటే, ఈయన ఒక్కడే "అక్కా" అనేది. అందరి ముంగట నేను "సార్" అనేదాన్ని, స్టాఫ్ రూముల "తమ్మీ" అనేదాన్ని. హాస్టల్ తిండి పడ్తలేదని ఒకనాడు మొఖం చిన్నబుచ్చుకొని కూసుంటే నా డబ్బాల జొన్నరొట్టె తుంచి సగం పెట్టిన. పచ్చిపులుసు తాగి "మా అమ్మ చేసినట్టే ఉందక్కా" అన్నడు. ఇగ ఆ మాటకు నేను పడిపోయిన. మర్నాటి సంది రెండు డబ్బాలు మోసుకొచ్చుడు మొదలుపెట్టిన. మా సిస్టర్లు నవ్వేటోళ్లు, "ఏందే, సాదుకుంటానవా?" అని. నవ్వుకొమ్మన్న.

ఆయనకు మంచంకాడి స్కాన్ అంటే పిచ్చి. ఎప్పుడు చూసినా ఫోన్ల గుండె బొమ్మలు తిప్పుకుంట కూసునేటోడు. కానీ పెద్ద సార్ గట్టిగ చెప్పిండు, సీనియర్ పక్కన లేకుంట పీజీ పిల్లలు మిషన్ ముట్టొద్దని. ఈయన ఆగుతడా! మధ్యాహ్నం సార్లు అన్నాలకు పోయినప్పుడు మెల్లగ మిషన్ తీసేటోడు. ఆడోళ్ల మీద పెడితే కాగితాలు, సంతకాలు, లేనిపోని లొల్లి. లావు మనుషుల మీద పెడితే బొమ్మ మసక మసక వస్తదట. అందుకని బక్కగున్న మొగోళ్ల కోసం ఎతికేటోడు. "బక్కోళ్లదైతే గుండె అద్దంల చూసినట్టు కనపడ్తదక్కా" అని నాతోని అన్నడు.

మా అన్నంత బక్కోడు వరంగల్ల ఇంకొకడు ఉంటడా!

అన్న కాశిబుగ్గల మగ్గం నేసేటోడు. మా నాయిన పోయినంక నన్ను నర్సింగు చదివిచ్చింది ఆయనే. దారం దుమ్ముల పుట్టి దారం దుమ్ములనే పెరిగిండు, దగ్గు ఆయనకు ఇంటి మనిషి లెక్క. ఆ ఏడు వానలు పడే రోజుల్ల దగ్గుకు జ్వరం తోడైంది. నాలుగడుగులేస్తే ఆయాసం. వదిన ఫోన్ చేసి ఏడిస్తే నేనే పోయి ఆటోల తీసుకొచ్చి మా దవాఖానల, నా వార్డులనే జాయిన్ చేసిన. కిటికీ పక్క మంచం ఇప్పిచ్చిన. ఊపిరితిత్తి పక్కన జర నీరుంది, టీబీ అయి ఉంటది, మందులు పడితే తగ్గుతదని పెద్ద సార్ చెప్పిండు. గుండె స్కాన్ కూడ ఒకటి చేయిద్దామని రాసిండు. ఆ స్కాన్ గదికి ఎప్పుడూ లైనే. వారం తర్వాత రమ్మన్నరు.

ఆ రోజు మధ్యాహ్నమే ఆ పిల్లగానితోని నేనే చెప్పిన, "తమ్మీ, మా అన్న మీద నేర్చుకోరాదు? నీకు చెయ్యి తిరుగుతది, ఆయన గుండె కూడ చూసినట్టైతది." ఎవరూ నన్ను అడగలే. నా నోటితోని నేనే పిలిచి అప్పజెప్పిన.

అన్నకు ఒకటే సంబురం. జెల్లు సల్లగ తగిలితే చిన్న పిలగాని లెక్క కిసకిస నవ్వేటోడు. పక్క మంచం ముసలాయనతోని "మాకు స్పెషల్ డాక్టరు, రోజు ఫోటో తీస్తాండు" అని డప్పు కొట్టుకునేటోడు. ఆ ముసలాయన కుళ్లుకునేటోడు, "నాకు తియ్యరా సారూ" అని. మిషన్‌ల ఫస్టు పేషెంటు పేరు కొట్టాలె. నేర్చుకునే స్కాన్‌కు అసలు పేరెందుకని ఆ పిల్లగాడు ఒక్క గడియ ఆలోచించి, ఇంగ్లీషు అక్షరాల్ల "అన్న" అని కొట్టిండు, పక్కన ఒకటి అంకె. మర్నాడు "అన్న" పక్కన రెండు. ఆ తర్వాతి నాడు మూడు. నిజం చెప్తాన, ఆ పేరు చూసి నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కడుపుల పుట్టకున్నా ఇంటి పిల్లగాడే అనుకున్న.

రోజు అన్న రొమ్ము మీది జెల్లు తుడుచుకుంట అడిగేదాన్ని, "ఎట్లుంది తమ్మీ?"

"మంచిగుందక్కా. ఏం ఫికర్ చెయ్యకు."

మూడు దినాలు అదే మాట.

మూడోనాడు మధ్యాహ్నం స్కాన్ గదికెళ్లి ఫోనొచ్చింది. అక్కడి టెక్నీషియన్ నాకు తెలిసినామె. "ఇయ్యాల ఒకరు రాలే, మీ అన్నను తొందరగ పంపు, చేసి పంపిస్త" అన్నది. నేను వీల్‌చైర్ కోసం పోబోయి, ఎందుకో ఈ పిల్లగాన్ని అడిగిన. మిషన్ అప్పుడే మూసిండు, చేతికి జెల్లు ఇంక అట్లనే ఉంది. "ఎందుకక్కా, నేను రోజు చూస్తనే ఉన్న కదా. ఆయాసపడే మనిషిని కిందికి మీదికి తిప్పుడెందుకు?" అన్నడు. నిజమే కదా అనిపిచ్చింది. ఫోన్ల ఆమెకు చెప్పిన, మా అన్నకు అవసరం లేదు, ఇంకెవరినన్న పిలువు అని. ఇంకెవరినో పిలిచింది.

ఆ సాయంత్రం వదిన వచ్చింది. కాశిబుగ్గల రోజంత మగ్గానికి దారం కండెలు చుట్టి, వంట చేసి, ఆటో పట్టుకొని వచ్చేది. అన్న నోరంత చేదుగుంది, అరగ్లాసు కల్లు తాగితే పాణం లేచొస్తదని రెండు రోజుల సంది ఆమె పాణం తీస్తాండట. నేనుంటే ఊకుంటనా! అందుకే నా డ్యూటీ దిగినంక, నీళ్ల సీసాల పోసి తెచ్చి గ్లాసుల వంచి తాపింది. నాకు తెలవదు.

నాలుగోనాడు పొద్దుగాల నేను మందుల ట్రాలీ తోలుకుంట వస్తాన. అన్న లేచి కూసున్నడు. రెండు చేతులతోని మంచం పట్టె పట్టుకున్నడు, మెడ నరాలు తాళ్ల లెక్క ఉబ్బినయి. "చెల్లే, గాలి ఆడ్తలే" అన్నడు. అంతే. బీపీ చూస్తే దొరుకుతలేదు. డ్యూటీ డాక్టరు ఉరికొచ్చిండు, గుండె నొక్కిండు, నేను నొక్కిన, మా సిస్టర్లు నొక్కిండ్రు. మిషన్ ఎక్కడుందని ఎవరో అడిగితే పై అంతస్తుల ఉందన్నరు. అది వచ్చేవరకు అయిపోయింది. ఆ పిల్లగాడు ఆ రోజు వేరే ఊరి క్యాంపుకు పోయిండు.

డ్యూటీ డాక్టరు చెమట తుడుచుకుంట అడిగిండు, "నిన్న ఏమన్న తిన్నడా, తాగిండా?" పక్క మంచం ముసలాయన నోరు ఊకుంటదా! "రాత్రి అన్నం తినేటప్పుడు పెండ్లాం కల్లు తాపింది సారూ" అన్నడు. ఆ మాట ఫైల్ల రాసిండ్రు. కల్లు తాగినట్టు, తర్వాత గుండె ఆగినట్టు. నేను ఆ కాగితం చదివిన. ఇరవై ఏండ్ల నర్సును, అరగ్లాసు కల్లుతోని మనిషి పోతడా అని ఆలోచించే తెలివి నాకు లేదా? ఉంది. కానీ నా కోపం ఎవరి మీదనో ఒకరి మీద పడాలె, వదిన ఎదురుంగ ఉంది.

అన్న పోయిన మూడోనాడు పిట్టకు పెట్టిండ్రు, కాకి వచ్చి ముట్టాలని. మా దిక్కు పోయిన మనిషికి ఏమేమి ఇష్టమో అవన్నీ విస్తరిల పెడతరు. కోడికూర, పూరీలు, ఆయన తాగే బీడీలు. వదిన కొంగు చాటున కెళ్లి ఒక చిన్న గ్లాసుల కల్లు తీసి విస్తరి పక్కన పెట్టింది. నాకు నెత్తి పగిలిపోయినట్టైంది. ఆ గ్లాసు గుంజుకొని మట్టిల ఒంపిన. "సంపింది చాలలేదా? ఇంక తాపుతవా?" అని చుట్టాలందరి ముంగట ఒర్రిన. వదిన కొంగు నోట్ల కుక్కుకున్నది. పిట్ట జాము సేపు రాలే. దానికి కూడ ఆమెనే తిట్టిన.

ఆ పిల్లగాడు కూడ వచ్చిండు ఆ రోజు. చెప్పులు ఇడిసి, ఎనక నిలబడి అంతా విన్నడు. నేను ఒర్రింది విన్నడు, వదిన ఏడ్సింది చూసిండు. నా చెయ్యి పట్టుకొని "ధైర్యంగ ఉండక్కా" అన్నడు. అన్నం తిని పోయిండు.

ఏడాది నేను ఆ ఇంటికి పోలే. సంవత్సరీకం నాడు పోయిన గానీ గడప బయటనే నిలబడి దండం పెట్టి వచ్చిన, మంచినీళ్లు ముట్టలే. కాశిబుగ్గల అందరికీ ఎరుకైంది. మొగనికి కల్లు తాపి సంపుకున్నదని నల్లా కాడ ఆడోళ్లు గుసగుసలు పెట్టుకుంటాండ్రని విన్న. ఊకున్న. నా కడుపు మంట కొంచెం సల్లబడ్డది కూడ, ఒట్టు.

మొన్న మా దవాఖానల క్లాసు పెట్టిండ్రు. ఇగ మంచంకాడి స్కాన్ అన్ని వార్డులకు వస్తాంది, నర్సులు కూడ నరం దొరకబట్టనీకె దాన్ని వాడాలె, అందరు రావాలె అన్నరు. చెప్పేటోడు ఎవరనుకున్నరు? ఆయనే. పీజీ అయిపోయి అక్కడనే ఉద్యోగంల చేరిండు, ఇస్త్రీ చొక్కా, మెడల ఐడీ కార్డు. నేను ఎనక బెంచీల కూసొని పక్క సిస్టర్‌కు చెప్పుకుంటాన, "మా తమ్ముడే, నా డబ్బాల తిని పెద్దోడైండు" అని. ఎంత మురిసిన్నో!

నాలుగైదు బొమ్మలు చూపిచ్చినంక తెర మీద ఒక గుండె వచ్చింది, పక్కపక్కన మూడు బొమ్మలు. "మొదటిరోజు గుండె చుట్టూ ఈ సన్నటి నల్ల గీత చూడండి. ఇదే నీరు. రెండోరోజు వెడల్పయింది. మూడోరోజు గుండె కుడి పక్క నొక్కుకుపోతోంది, అంటే ఇక టైం లేదు" అని చెప్తాండు. నేను ఆయన చెప్పేది వింటలేను. తెర మూలకు చూస్తాన. పెద్ద తెర మీద చిన్న అక్షరాలు. అన్న ఒకటి. అన్న రెండు. అన్న మూడు.

"మంచం దగ్గర మిషన్ ఉండబట్టి పట్టుకోగలిగాం. వెంటనే నీళ్లు తీశాం, పేషెంటు నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు" అన్నడు.

నడుచుకుంట ఇంటికి పోయిండట! నేను ఎప్పుడు లేచి నిలబడ్డనో నాకే తెలవదు. "సార్" అన్న. ఆయన ఎవరో డౌటు అడుగుతాండ్రనుకొని నవ్వుకుంట చూసిండు. నన్ను చూసి నవ్వు అట్లనే ఆగింది.

"ఆ పేషెంటు ఇప్పుడెట్లున్నడు సార్?"

హాలంత నా దిక్కు తిరిగింది. ఆయన తెర దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "ఫాలో అప్‌కి రాలేదు, సిస్టర్" అన్నడు.

సిస్టర్! అన్నేండ్లల్ల ఒక్కనాడు అనని మాట. నా కూడు తిన్న నోటితోని అన్నడు.

"ఎట్లొస్తడు సార్? బూడిదై ఏడాది దాటింది. ఆయన మా అన్న" అన్న. అని బయటికి వచ్చేసిన.

వరండాల ఎనకనే ఉరికొచ్చిండు. "అక్కా, అక్కా, జర ఆగు." మళ్ల అక్కనైన. మొదటిరోజు అది కొవ్వేమో అనుకున్నడట. రెండోరోజు అనుమానమొచ్చిందట గానీ, చెప్తే "మిషన్ నిన్నెవరు ముట్టమన్నరు" అని పెద్ద సార్ కోప్పడతడని, సీటు పోతదని భయపడ్డడట. మూడోరోజు నీరే అని తెలిసిందట, క్యాంపు నుంచి వచ్చినంక సీనియర్‌కు మెల్లగ చెప్దామనుకున్నడట.

"తెలిసినంకనే కదా స్కాన్‌కు పంపొద్దన్నవు?" అని అడిగిన. తల దించుకున్నడు. "అక్కడ బయటపడ్తదనే కదా?" అన్న. ఏడుస్తాండు. "పిట్టకాడ మా వదినను నేను మంది ముంగట సంపుతాంటే నిలబడి చూసినవు. అప్పుడన్న నోరు లేవలేదారా నీకు?" రా అన్న. డాక్టర్ను రా అన్న, అక్కడ అటెండర్లు చూస్తాండ్రు, చూసుకోనీ అనుకున్న. నమ్మిచ్చి గొంతు కోసినోనికి మర్యాద ఎందుకు?

పెద్ద సార్‌కు కాగితం రాసిచ్చిన. ఆయన రెండుసార్లు చదివి, అద్దాలు తీసి పక్కన పెట్టి, కమిటీల పెడతనన్నడు. కమిటీ ఎప్పుడు కూసుంటదో నాకు చెప్పలే. ఆ మూడు బొమ్మలు మాత్రం క్లాసుల కెళ్లి తీసేసిండ్రని తెలిసింది. అన్న ఫైల్ల కల్లు మాట ఇంక అట్లనే ఉంది.

ఆ ఆదివారం కాశిబుగ్గ పోయిన. వదిన ముంగటి అర్రల రాట్నం ముందల కూసొని కండెలు చుట్టుతాంది. నన్ను చూసి లేవలే, పొమ్మనలే. పీట చూపిచ్చింది. నేను కింద కూసొని అంతా చెప్పిన, మొదటి సంది. నీరు గుండె చుట్టూ ఎట్ల జమైందో, మూడు బొమ్మలు, తెర మూలకు పేరు, స్కాన్ గదికెళ్లి వచ్చిన ఫోను. ఆమె చెయ్యి ఆగలే, రాట్నం తిరుగుతనే ఉంది.

"అంటే కల్లుతోని కాదా?" అన్నది చివరికి.

"కాదు వదినా. నువ్వు తాపినా తాపకున్నా పోయేటోడే. నువ్వు తాపకముందే ఆ బొమ్మల ఉంది."

రాట్నం ఆగింది. నేను ఆమె కాళ్లు పట్టుకుందామని ముందుకు వంగిన. ఆమె కాళ్లు ఎనకకు తీసుకున్నది.

"ఆ పిల్లగాన్ని ఆయన మంచం కాడికి ఎవలు తోల్కొచ్చిండ్రు?"

"నేనే."

"స్కాన్ వద్దని ఫోన్ల చెప్పింది?"

"నేనే వదినా."

తల ఊపింది. తిట్టలే. తిట్టినా బాగుండు అనిపిచ్చింది. తెగిన దారం కొస ఎతికి, వేళ్లతోని ముడేసింది. తర్వాత నా మొఖం చూడకుంటనే చెప్పింది.

"ఆ దినం సీసాల ఇంకో గుక్క మిగిలింది పిల్లా. ఆయన అడిగిండు, అది కూడ పొయ్యవే అని. నీకు తెలిస్తే మొత్తుకుంటవని భయపడి నేను బాత్రూముల పారబోసిన. ఇంటికిపోయినంక తాగుదువు తీయి అన్న. ఆయన పోయినంక, ఆ గుక్కకు బదులు పిట్టకన్న పెడదామని మళ్ల కల్లు గ్లాసుల పోసుకొచ్చిన. దాన్ని నువ్వు పారబోసినవు."

రాట్నం మళ్ల తిప్పుడు మొదలుపెట్టింది.